గోళము, ఘనము, స్థూపము: ఫ్రోబెలు ఉపాధ్యాయుని జీవితము

ఆరవ తరగతిలో క్రొత్తగా చేరిన బాలునకు బంతి నొకదానిని చూపి, దీని యాకారమేమని యడిగినచో సాధారణముగా వృత్తమని చెప్పును. పాచికను చూపినచో చతురస్రమనును. వృత్తము కాగితముపై గీయబడునది. దానికి మందము లేదు. బంతి చేతిలో ఇముడునది. దాని పేరు గోళము. పాచికకు ఆరు ముఖములున్నవి. ఒక్కొక్క ముఖము చతురస్రమే గాని పాచిక మాత్రము ఘనము. ఈ భేదము చూడ నల్పముగా కనబడును. దీనిని నోటిమాటగా నేర్చినవాడు నెల తిరుగకుండ మరచును. చేతితో నేర్చినవాడు ముసలితనము వరకును మరువడు. పసిపిల్లలకు ఆకారమును మొదట చేతికిచ్చి పేరు పిమ్మట చెప్పవలెనని తలచి, ఆ పనికై మూడు కొయ్యముక్కలను ఏర్పరచి లోకమున కిచ్చినవాడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెలు అను జర్మను ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరును ఆయన పేరెరుగుదురు. ఆయన పడిన పాట్లు ఎరిగినవారు తక్కువ. కావున ఈ సంవత్సరపు సంచికలో ఆ మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును వినిపింప నుద్దేశించితిమి.

ఫ్రోబెలు 1782 సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన, జర్మనీదేశమున తురింగియా అడవుల నడుమనున్న ఒబర్‌వైస్‌బాక్ అను గ్రామమున జన్మించెను. తండ్రి లూథరను సంఘ బోధకుడు. అనేక గ్రామముల సంఘములను విచారింపవలసిన భారము ఆయనపై నుండుటచే ఇంట పిల్లలతో గడపుటకు తీరిక చిక్కెడిది కాదు. శిశువునకు తొమ్మిది నెలల వయస్సున తల్లి మరణించెను. పసివాని పోషణము పనివారి చేతిలోను అన్నల చేతిలోను పడెను. కొంతకాలమునకు తండ్రి రెండవ వివాహము చేసికొనెను. సవతితల్లి మొదట బాలుని ప్రేమతోనే చూచెను; తనకు బిడ్డ కలిగిన పిమ్మట ఆ ప్రేమ తొలగిపోయెను. నీవు అని పిలుచుట మాని, ఎదుటనే నిలిచియున్న చిన్నవానిని పరాయివానివలె అతడు అను మాటతో సంబోధింప సాగెను. ఈ యొక్క మాటమార్పు తన మనస్సును ఎట్లు కోసెనో ఫ్రోబెలు పెద్దవాడైన పిమ్మట కూడ మరువలేక వ్రాసికొనెను. పిలుపులోని మన్నన యెంత ముఖ్యమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ యిల్లు చుట్టును గోడలతోను కట్టడములతోను మూసికొనియుండెను. బాలునకు కనబడునది నెత్తిమీది ఆకాశమును, పెరటిలోని తోటయునే. మాట్లాడువారు లేక ఆ తోటలోని మొక్కలతో కాలము గడపుచుండెను. క్రిస్టొఫ్ అను అన్నగారు ఒకమారు ఇంటికి వచ్చినప్పుడు పూవులలో ఆడువి మగవి యుండునని చూపి విడమరచి చెప్పగా, నాటినుండి సృష్టిలోని ప్రతి వస్తువునందును ఒక యేర్పాటు కలదను నమ్మకము ఆ పసిమనస్సున నాటుకొనెను. ఈ క్రిస్టొఫ్ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఈ చరిత్రమున ఆయన మరల వచ్చును.

పది సంవత్సరముల వయస్సున బాలుని మేనమామ తన యింటికి, స్టాట్‌ఇల్మ్ అను పట్టణమునకు, తీసికొనిపోయెను. అచ్చట గడచిన ఐదేండ్లును ఫ్రోబెలు బాల్యమున వెలుగున్న దినములు. తోడిపిల్లలతో ఆటలు, నమ్మి మాట్లాడు పెద్దలు, బడి, నది. తరువాత 1797లో అడవి యధికారి యొకనియొద్ద రెండేండ్లు పని నేర్చుకొనుటకు పంపబడెను. గురువు పని నేర్పుటలో శ్రద్ధ చూపలేదు. శిష్యుడు మాత్రము ఆయన యింటనున్న పుస్తకములను చదివి, అడవిలో తిరిగి, చెట్టుచేమల నెరిగెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున చేరెను. చేతనున్న సొమ్ములో కొంత అన్నకు బదులిచ్చి అది తిరిగిరాక అప్పులపాలై, తొమ్మిది వారములు విద్యాలయపు చెరసాలలో నుండవలసి వచ్చెను. చదువు ముగియలేదు. తండ్రి 1802లో మరణించెను. ఆ పిమ్మట మూడు నాలుగేండ్లు భూములు కొలుచు పని, లెక్కలు వ్రాయు పని, ఇట్లు చేతికి దొరకిన పనియెల్ల చేయుచు ఊరూర తిరిగెను. ఇరువదిమూడేండ్ల వయస్సు నాటికి ఆయనను చూచినవారు, వీడు దేనికిని కొరగాడని తలచియుందురు.

1805లో కట్టడముల శిల్పము నేర్వవలెనని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోయెను. అచ్చట గ్రూనర్ అను ప్రధానోపాధ్యాయుడు ఈ యువకునితో కొంతసేపు మాట్లాడి, నీవు చేయదగిన పని ఇండ్లు కట్టుట కాదు, పిల్లలకు చదువు చెప్పుట యని తన పాఠశాలలో ఒక తరగతి నప్పగించెను. ముప్పది నలువదిమంది బాలుర యెదుట మొదటిసారి నిలిచిన దినముననే, నీటిలో పడిన చేపకు కలుగు సుఖము తనకు కలిగినదని ఫ్రోబెలు అన్నగారికి జాబు వ్రాసెను. గ్రూనర్ దొరవంటి ప్రధానోపాధ్యాయులు ప్రతి పట్టణమునకు ఒక్కరున్నను చాలునని మాకు తోచుచున్నది.

ఆ కాలమున స్విట్జర్లండులో పెస్టలాజీ పండితుడు ఈవర్డన్ అను చోట పాఠశాల నడపుచుండెను. వస్తువును చూపకుండ మాటను నేర్పరాదనుట ఆయన మతము. ఫ్రోబెలు 1805లో రెండు వారములపాటు ఆ పాఠశాలను చూచివచ్చి, తృప్తి చాలక, 1808లో తాను చదువు చెప్పుచున్న ముగ్గురు బాలురను వెంటబెట్టుకొని పోయి రెండేండ్లు అచ్చటనే యుండెను. గురువునందు భక్తి కలిగినను, ఒక వెలితి ఆయనకు కనబడెను. పెస్టలాజీ పాఠశాలలో పిల్లవాడు వస్తువును చూచును, దాని పేరు చెప్పును, భాగములను వర్ణించును. కాని చూచిన వస్తువునకును రేపు చూడబోవు వస్తువునకును నడుమ సంబంధమేమి? ఒక ఆకారమునుండి మరియొక ఆకారము ఎట్లు పుట్టును? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు.

దానికి ప్రత్యుత్తరము రాళ్లలో దొరకెను. 1811లో గ్యుట్టింగెన్ విశ్వవిద్యాలయమునను, 1812 మొదలు బెర్లిను నగరమునను ఫ్రోబెలు మరల విద్యార్థి యయ్యెను. బెర్లినులో వైస్ అను ఆచార్యుడు స్ఫటికముల శాస్త్రమును బోధించుచుండెను. భూగర్భమున ఎవరును చెక్కకుండ, ఎవరును కొలువకుండ, రాయి తనంతట తాను సమమైన ముఖములతోను, తిన్నని అంచులతోను, వాడియైన మూలలతోను పెరుగుట ఫ్రోబెలునకు పరమాశ్చర్యమయ్యెను. ఇందుకు దూరదేశపు రాళ్లే కానక్కరలేదు. మన చినగంజాములోను నౌపడలోను పండు గల్లుప్పును అరచేతిలో వేసికొని భూతద్దముతో చూడుడు. విరుగక మిగిలిన పలుకులలో నాలుగు మూలల చదరపు ముఖములు కనబడును. ఉప్పు సహజముగా ఘనాకారమున గట్టిపడునది. మన తల్లులు ప్రతిదినము కూరలో వేయు వస్తువునందు సృష్టికర్త చేతి కొలబద్ద యున్నది.

1813లో నెపోలియను సేనలపై యుద్ధము రాగా, ఫ్రోబెలు చదువు విడిచి లుట్జోవ్ దళమున సైనికుడుగా చేరెను. యుద్ధమున ఆయన చేసిన ఘనకార్యములేవియు లేవు. కాని ఆ దళముననే వేదాంతవిద్యార్థులగు మిడ్డెన్‌డోర్ఫ్, లాంగెథాల్ అను ఇద్దరు యువకులు స్నేహితులైరి. వారిలో మిడ్డెన్‌డోర్ఫ్ కడవరకు నీడవలె వెంటనుండెను. యుద్ధానంతరము 1814లో ఫ్రోబెలు బెర్లిను ఖనిజవస్తు ప్రదర్శనశాలలో వైస్ ఆచార్యునకు సహాయకుడయ్యెను. స్ఫటికములను వరుసగా నమర్చుట ఆయన పని. జీతము కలదు, గౌరవము కలదు, ముందు ముందు ఆచార్య పదవి కూడ రానున్నది.

అట్టి సమయమున అన్నగారి యిల్లు తలపునకు వచ్చెను. తనకు పూవుల మర్మము చెప్పిన క్రిస్టొఫ్, బోధకుడుగా నుండి, 1813లో వ్యాధిగ్రస్తులైన సైనికులకు ఉపచారము చేయుచు విషజ్వరము తగిలి మరణించియుండెను. భార్యయు ముగ్గురు కుమారులును దిక్కులేక మిగిలిరి. 1816లో ఫ్రోబెలు ఉద్యోగమును విడిచి, నడిచిపోయి, ఆ ముగ్గురును మరియొక అన్నగారి కుమారులిద్దరును కలిసి ఐదుగురు పిల్లలతో గ్రీస్‌హైమ్ అను పల్లెలో పాఠశాల ప్రారంభించెను. మరుసటి సంవత్సరమున అది కైల్‌హౌ గ్రామమునకు మారెను. మిడ్డెన్‌డోర్ఫును లాంగెథాలును వచ్చి చేరిరి. తల్లిలేని బిడ్డగా పెరిగినవాడు తండ్రిలేని బిడ్డలకు గురువయ్యెను.

కైల్‌హౌ దినములను గూర్చి వ్రాయదగినది చాల కలదు గాని క్లుప్తముగ ముగించెదము. 1818లో హెన్రియెట్టా విల్హెల్మీనా అను విదుషీమణిని వివాహమాడెను. 1826లో మానవుని విద్యాభ్యాసమును గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. అది చదువుటకు కఠినమైనది. ఆయన మాటలాడుటలో కంటె, వ్రాయుటలో కంటె, పిల్లలతో ఆడుటలోనే నేర్పరి యనుట నిజము. పాఠశాల మొదట వృద్ధిబొందెను. జర్మను ప్రభుత్వములు స్వాతంత్ర్యభావముల వాసన పట్టుచు తిరుగు కాలమది. ఈ పాఠశాలలో రాజద్రోహము నేర్పబడుచున్నదను పుకారు పుట్టెను. విచారణకై పంపబడిన అధికారి పాఠశాలను మెచ్చుకొనుచు నివేదిక వ్రాసినను పుకారు చావలేదు. పిల్లల సంఖ్య తరుగుచు వచ్చెను. పుకారునకు నివేదిక విరుగుడు కాదని పాఠశాల నడపువారందరు ఎరుగుదురు.

1831లో ఫ్రోబెలు స్విట్జర్లండునకు పోయి అచ్చట పాఠశాలలు స్థాపించెను. 1835లో బుర్గ్‌డోర్ఫ్ పట్టణపు అనాథాశ్రమము ఆయనకు అప్పగింపబడెను. ఆశ్రమమున చేరు నాలుగైదేండ్ల పసివారిని చూచి ఆయన యొక సంగతి గ్రహించెను. బడి యీడు వచ్చునప్పటికి పిల్లవాని చూపు, చేయి, మనస్సు ఇదివరకే ఒక విధముగ దిద్దబడియో చెడియో యున్నవి. బడికి ముందున్న ఆ యేండ్లలో పిల్లవాడు చేయు పని యేది? ఆట. కావున ఆటనే పాఠము చేయవలెను. ఏబదినాలుగేండ్ల వయస్సున, భార్య అనారోగ్యముచే స్వదేశమునకు తిరిగివచ్చి, 1837లో కైల్‌హౌకు సమీపమున బ్లాంకెన్‌బుర్గ్ అను చోట ఆటవస్తువులను చేయించు పని ప్రారంభించెను. ఆ వస్తువులకు ఆయన కానుకలని పేరు పెట్టెను.

ఈ కానుకలను గూర్చి కొంచెము తీరికగా చెప్పవలసియున్నది. ఏలయన ఫ్రోబెలు కీర్తి యెల్ల ఈ పెట్టెలలోనే యున్నది.

మొదటి కానుక ఆరు మెత్తని ఉన్ని బంతులు: ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ, నారింజ, ఊదా. దారము కట్టి యుండును. ఒడిలోని శిశువు సయితము పట్టగలదు, ఊపగలదు, పోగొట్టుకొని మరల పొందగలదు. రెండవ కానుక కొయ్యతో చేసినది. మొదట ఫ్రోబెలు గోళమును ఘనమును మాత్రమే యిచ్చెను. గోళము దొరలునది, ఘనము నిలుచునది. గోళమునకు ఒకే వంపుతలము, అంచులేదు, మూలలేదు. ఎటు చూచినను ఒక్కతీరు. ఘనమునకు 6 సమతల ముఖములు, 12 అంచులు, 8 మూలలు. తిప్పినకొలది వేరు రూపు. ఈ రెండును ఒకదానికొకటి పూర్తిగ విరోధులు. కొన్నియేండ్ల పిమ్మట వీని నడుమ సంధి కుదుర్చుటకు మూడవదానిని చేర్చెను. అది స్థూపము. పండబెట్టిన దొరలును, నిలబెట్టిన నిలుచును. పైన ఒకటి క్రింద ఒకటి రెండు సమతలములు, చుట్టును ఒక వంపుతలము, రెండు గుండ్రని అంచులు. మూల మాత్రము లేదు. వంటయింటి అప్పడాల కర్రయు, తిరుగలి రాయియు, అన్ని కొలతలలో భేదమున్నను, స్థూపములే.

ఈ స్థూపమను పేరును గూర్చి ఒక మాట. మన విద్యార్థులు ఈ పేరు వినగానే అమరావతి స్థూపమును తలచుకొందురు. ఆ మహాస్థూపము గుండ్రని వేదికపై బోర్లించిన గిన్నెవంటి అండముతో కట్టబడినది. గణితమున స్థూపమనబడు ఆకారము అది కాదు. ఒకే మాటకు శిల్పమున ఒక అర్థము, గణితమున ఒక అర్థము. ఇట్టి చిక్కులు పేరును మాత్రము వల్లెవేయువానిని బాధించును గాని, వస్తువును చేతబట్టినవానిని బాధింపవు.

ఇక ఫ్రోబెలు కనిపెట్టిన వింతను వినుడు. ఆ కొయ్యముక్కలకు కొక్కెములను రంధ్రములను ఏర్పరచి, దారముతో వ్రేలాడదీసి, దారమునకు పురి పెట్టి వదలునట్లు చేసెను. ఘనమును ఒక ముఖముయొక్క నడిమి నుండి వ్రేలగట్టి గిరగిర త్రిప్పినచో కంటికి స్థూపము కనబడును. అదే ఘనమును ఒక మూలనుండి వ్రేలగట్టి త్రిప్పినచో పైనను క్రిందను శంకువులును, నడుమ డమరుకమువలె సన్నగిల్లిన నడుమును కనబడును. స్థూపమును ప్రక్కవైపు నడిమి నుండి కట్టి త్రిప్పినచో, పలుచని నీడ నడుమ గట్టిగా ఒక గోళము తోచును. గోళమును ఎట్లు త్రిప్పినను గోళమే. ఒక ఆకారమునుండి మరియొక ఆకారము ఎట్లు పుట్టునని ఈవర్డన్‌లో తన్ను పీడించిన ప్రశ్నకు ఒక దారపుపురితో ప్రత్యుత్తరము చెప్పెను. మన బాలురు దీనిని ఇంట చేసి చూడవచ్చును. కొయ్య లేకున్న సబ్బుముక్కనైనను కందగడ్డనైనను సమముగ కోసి, సూదితో దారము గ్రుచ్చిన చాలును. ఆరు ముఖములు సమముగ కోయుటలోనే సగము పాఠము గడచును.

మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనములుగ కోయబడిన ఒక ఘనము. నాలుగవది ఎనిమిది ఇటుకలుగ కోయబడినది. ఒక్కొక్క ఇటుక పొడవు వెడల్పునకు రెట్టింపు, వెడల్పు మందమునకు రెట్టింపు. దీనిని మనము దీర్ఘఘనమందుము. ఐదవది ఇరువదియేడు ఘనములు. వానిలో మూడింటిని ఐమూలగ రెండేసి ముక్కలుగను, మూడింటిని నాలుగేసి ముక్కలుగను కోయుటచే మొత్తము 39 ముక్కలయ్యెను. ఆ ముక్కలు త్రిభుజపు పట్టకములు. ఇంటికప్పు పెట్టుటకు ఇంతకంటె తగినది లేదు. పెట్టెను బల్లపై బోర్లించి, మూతను ప్రక్కకు లాగి, పెట్టెను పైకెత్తినచో ముక్కలన్నియు చెదరక ఒకే ఘనముగ నిలుచును. పిల్లవాడు మొదట సంపూర్ణ వస్తువును చూడవలెను, పిమ్మట భాగములను. ఒక బొమ్మ కట్టినప్పుడు ఒక్క ముక్కయు మిగులరాదు. కుర్చీని పడగొట్టి బావిని కట్టరాదు; ముక్కలను జరిపి కుర్చీనే బావిగ మార్చవలెను.

ఆ పిమ్మట పలుచని పలకలు, పుల్లలు, గింజలు. అనగా ఘనము నుండి తలము, తలము నుండి రేఖ, రేఖ నుండి బిందువు. యూక్లిడు పండితుని గ్రంథము బిందువుతో ప్రారంభమై పదునొకండవ అధ్యాయమునగాని ఘనములను చేరదు. ఫ్రోబెలు ఆ మార్గమును తలక్రిందు చేసెను. పసివాడు లోకమున బిందువు నెన్నడును చూడలేదు, బంతిని చూచినాడు. కడపట, నానబెట్టిన బటానీలకు సన్నని పుల్లలు గ్రుచ్చి మరల ఘనాకారములను కట్టించెను. బటానీ మూల, పుల్ల అంచు. ఎనిమిది బటానీలు పండ్రెండు పుల్లలు కలిసిన ఘనమగును. మన బడులలో శనగలును చీపురుపుల్లలును ఈ పనికి చక్కగ నక్కరకు వచ్చును. మూలలెన్ని, అంచులెన్ని యని వల్లింపజేయుటకంటె, ఒక చిన్నవాడు శనగ తక్కువై తోడివాని నడుగుట వినుట మాకు సంతోషము.

ఫ్రోబెలు గోళమునందు దైవైక్యమునకు గురుతును, ఘనమునందు నానాత్వమునకు గురుతును చూచెను. ఆయన భక్తిని మేము గౌరవింతుము. అయినను ఈ గూఢార్థములు మూడేండ్ల శిశువునకు బంతి మూలమున తెలియునని నమ్మజాలము. శిశువునకు బంతి బంతియే, అది చాలును. ఆయన శిష్యులలో కొందరు కానుకలను ఆటనుండి తీసి కవాతు చేసి, ఒక ముక్క కుడికి, ఒక ముక్క ఎడమకు అని ఆజ్ఞలిచ్చుచు పిల్లలను విసిగించిరనుట కూడ దాచరాదు. అది గురువు దోషము కాదు.

1839లో విల్హెల్మీనా మరణించెను. మరుసటి సంవత్సరమున, మిడ్డెన్‌డోర్ఫ్ మొదలగువారితో కొండదారిని నడచుచు, తన సంస్థకు ఏ పేరు పెట్టుదునా యని చింతించుచుండిన ఫ్రోబెలునకు అకస్మాత్తుగ కిండరుగార్టెను అను మాట తట్టెను. పిల్లలతోట యని దాని యర్థము. గోడల నడుమ పెరటితోటలో ఒంటరిగ పెరిగిన బాలునకు ఈ పేరు తట్టుట వింత కాదు. 1840 జూను 28వ తేదీన, అచ్చుయంత్రము పుట్టి నాలుగు శతాబ్దములైనదని ఉత్సవము జరుగు దినముననే, ఆ పేరిట సంస్థ ప్రతిష్ఠింపబడెను. జర్మను స్త్రీలందరు తలకొక వాటా కొని దీనిని పోషింతురని ఆయన ఆశించెను. కొన్నవారు కొద్దిమంది. 1844లో సొమ్ము లేక బ్లాంకెన్‌బుర్గులోని పిల్లలతోట మూతపడెను. ఆ సంవత్సరముననే, తల్లులు పసివారిని ఆడించుచు పాడదగిన పాటల పుస్తకమును ప్రకటించి, అరువదిరెండేండ్ల వృద్ధుడు చేతిసంచిలో బంతియు ఘనమును పెట్టుకొని, ఊరూర తిరిగి తల్లులకును యువతులకును నేర్పనారంభించెను. స్త్రీలను ఉపాధ్యాయినులుగ తర్ఫీదు చేయుట నాటి పెద్దమనుష్యులకు నవ్వులాటగ నుండెను. 1849లో లీబెన్‌స్టైన్ అను స్నానతీర్థమున, పల్లెపిల్లలతో చేతులు పట్టుకొని గంతులు వేయు ముసలివానిని చూచి ఊరివారు పిచ్చివాడని పరిహసించిరి. ఆ మాట విని చూడబోయిన మారెన్‌హోల్ట్స్ ప్రభ్వి ఆయనకు శిష్యురాలై, ఆయన పద్ధతిని పిమ్మట ఐరోపాదేశములందు వ్యాపింపజేసెను.

1850లో సమీపమునందలి మారియెన్‌తాల్ అను భవనము ఆయనకు శిక్షణశాలగ దొరకెను. 1851 వేసవిలో, తన శిష్యురాలును వయస్సున చాల చిన్నదియునగు లూయిసా లెవినును వివాహమాడెను. ఎట్టకేలకు కుదుటబడితినని ఆయన యనుకొనునంతలో పిడుగు పడెను. అదే సంవత్సరము ఆగస్టు 7వ తేదీన ప్రష్యా విద్యామంత్రి ఫాన్ రౌమర్, రాజ్యమునందు ఎచ్చటను పిల్లలతోటలు నడపరాదని ఉత్తరువు చేసెను. అవి నాస్తికత్వమును, సమానధనవాదమును నేర్పునవట! ఇందులకు మూలము కారల్ ఫ్రోబెలు అను ఆయన అన్నకుమారుడు స్త్రీవిద్యను గూర్చి ప్రకటించిన చిన్నపుస్తకము. ఇంటిపేరొక్కటియగుటచే ఇద్దరిని కలిపివేసిరి. ఆ వృద్ధుడు, పుస్తకము తనది కాదని ఋజువులతో మంత్రికి వ్రాసెను, రాజునకు విన్నవించుకొనెను. ఉత్తరువు మారలేదు. వేర్వేరు వస్తువులకు వేర్వేరు పేర్లని మూడేండ్ల పిల్లలు నేర్చుకొన్న సంగతిని ప్రష్యా మంత్రి నేర్చుకొనకపోయెను. బోధకుని కుమారుడై, దేవుని చేతిపనిని పసికందులకు చూపుటకే బ్రదికిన మనుష్యుని నాస్తికుడనుట ఎట్టి గాయమో క్రైస్తవ పాఠకులు ఊహింపగలరు. అమెరికాకు వలసపోవుదునా యని కూడ ఆయన యాలోచించెను.

1852 ఏప్రిలులో శిష్యురాండ్రు ఆయన డెబ్బదియవ జన్మదినమును పాటలతోను పూలతోను జరిపిరి. కొద్దివారములకు గోథా నగరమున జర్మను ఉపాధ్యాయుల మహాసభ జరిగెను. ఫ్రోబెలు తలుపు దాటి లోనికి రాగా, సభయంతయు ఒక్కసారిగ లేచి నిలిచెను. నిషేధపు ఉత్తరువు అమలులో నుండగనే ఉపాధ్యాయులు ఆ పని చేసిరి. ఆ ఒక్క దినపు సంగతి చదివినప్పుడు ఈ వృత్తిలో నున్నందుకు మాకు గర్వము కలుగుచుండును.

అదే జూను మాసమున ఆయన మంచము పట్టెను. గదికి పూలు తెప్పించుకొనెను, కిటికీలు తెరిపించెను. తన బాప్తిస్మకాలపు పత్రమును చదివించుకొని వినెను. జూను 21వ తేదీన ప్రశాంతముగ కన్నుమూసెను. దేహమును ష్వైనా గ్రామపు శ్మశానమున పాతిపెట్టిరి. సమాధిపై ఏ చిహ్నము నిలుపవలెనని మిడ్డెన్‌డోర్ఫ్ ఎక్కువకాలము యోచింపవలసిన పని లేకపోయెను. క్రింద ఘనము, దానిపై స్థూపము, దానిపై గోళము. రెండవ కానుకయే రాతితో చేయబడి నేటికిని అచ్చట నిలిచియున్నది. మిడ్డెన్‌డోర్ఫ్ మరుసటి సంవత్సరముననే స్నేహితుని వెంట పోయెను.

ప్రష్యాలో నిషేధము 1860లో తొలగింపబడెను. నిషేధము నడచిన ఆ తొమ్మిదేండ్లలోనే పిల్లలతోట సముద్రములు దాటెను. ఫ్రోబెలునొద్ద నేర్చిన మార్గరెట్ షుర్జ్ అను స్త్రీ 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్ పట్టణమున తన బిడ్డకును బంధువుల బిడ్డలకును పిల్లలతోట పెట్టెను. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఈ కానుకలను చూచి ఒక తల్లి తన కుమారునకై కొనిపోయెను. ఆ కుమారుడు పిమ్మట జగద్విఖ్యాతి గాంచిన కట్టడముల శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. మన దేశమునకు ఈ పద్ధతి మిషను పాఠశాలల మూలమునను, ఉపాధ్యాయ శిక్షణశాలల మూలమునను వచ్చెను.

వివాహమైన సుమారు ఒక సంవత్సరమునకే విధవయైన లూయిసా భర్త శిక్షణశాలను వెంటనే విడువలేదు. పిమ్మట హాంబర్గు నగరమున స్థిరపడి, దశాబ్దములపాటు యువతులకు ఆ బంతులను, ఆ ఘనములను, ఆ దారపుపురులను నేర్పుచు, 1900 సంవత్సరమున మరణించెను.